నౌకలో దొరికిన తెలుగు మాట

పద్నాలుగో భాగం

పోయిన వారం మనం దేదీప్యని తలుపు దగ్గర వదిలేసి వచ్చాం. ఆ అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి బయటికి చూస్తోంది. బయట ఉన్నది పోలీసులు కాదు, ఎఫ్‌బీఐ వాళ్ళు కాదు. నలిగిన చొక్కా, రెండు రోజుల గడ్డం, చంకలో ఒక కాగితాల ఫైలు. సూర్యప్రకాశరావు ఒక్కడే నిలబడి ఉన్నాడు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో ఓరియోల్ అనే కంపెనీ ఉంది. మనుషులు లేకుండా నడిచే సరుకుల నౌకల్ని అంతరిక్షంలోకి పంపడం దాని పని. పైన తిరిగే హార్బర్ అనే ప్రయోగశాలకి తిండీ నీళ్ళూ మోసుకెళ్ళేవి ఆ నౌకలే. బుధవారం దాకా బుద్ధిగా ఉన్న మూడు నౌకలు, గురువారం పొద్దున కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్న గంటకే తిరగబడ్డాయి. కింద నుంచి ఏం చెప్పినా వినడం మానేశాయి. ఓరియోల్-6 ఎప్పుడో చచ్చిపోయిన ఒక ఉపగ్రహాన్ని వెతుక్కుంటూ వెళ్ళి గుద్దింది, తనూ ముక్కలైపోయింది. ఇప్పుడు ఓరియోల్-4 హార్బర్ వైపు వస్తోంది. హార్బర్‌లో నలుగురు మనుషులున్నారు. ఈ శనివారం సాయంత్రం ఐదూ యాభై రెండుకి అది వాళ్ళని చేరుతుంది.

ఇక దేదీప్య. సూర్యాపేట నుంచి వచ్చింది, ఎఫ్-1 వీసా మీద మాస్టర్స్ చదువుతోంది. ఓరియోల్‌లో ఆమెకి ఉద్యోగం లేదు. ఉద్యోగం ఆమె క్లాస్‌మేట్ అద్వైత్‌ది. వాడు ఇక్కడే పుట్టాడు, అమెరికా పాస్‌పోర్టు ఉంది, కాబట్టి తీసుకున్నారు. ఆ ఉద్యోగంలో చేయవలసిన పని మాత్రం ఆర్నెల్లుగా దేదీప్య చేస్తోంది. మనవాళ్ళు దీనికి జాబ్ సపోర్ట్ అని మర్యాదైన పేరు పెట్టుకున్నారు. ఈ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఇప్పుడు మూడో మనిషి తలుపు కొడుతున్నాడు.

"దేదీప్యా, నేనమ్మా, అంకుల్‌ని. ఒక్కణ్ణే వచ్చాను. తలుపు తియ్యి."

తియ్యకపోతే పోయేదేముంది అనుకుంది ఒక క్షణం. వెనక్కి తిరిగి చూసుకుంది. టీవీలో శబ్దం లేకుండా వార్తలు నడుస్తున్నాయి. తెర మూలన గడియారం వెనక్కి లెక్కపెడుతోంది. నాలుగు గంటల రెండు నిమిషాలు. ఆమె గొళ్ళెం తీసింది.

సూర్యప్రకాశరావు లోపలికి వచ్చి, ఇంతటి ఆపదలోనూ బూట్లు విప్పి గుమ్మం పక్కన సర్ది పెట్టాడు. ఓరియోల్‌లో నౌకల సాఫ్ట్‌వేర్ మొత్తానికి ఆయనే పెద్ద. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏడేళ్ళయింది. దేదీప్య ఆయన్ని ఒక్కసారే దగ్గరగా చూసింది, ఉగాదికి అద్వైత్ వాళ్ళింట్లో. ఆ రోజు ఆయన భోజనాల దగ్గర అద్వైత్ కోడ్‌ని పొగిడీ పొగిడీ వదిలిపెట్టాడు. పులిహోర వడ్డిస్తున్న దేదీప్య, ఆ సంబరాన్ని ముఖంలో కనపడనీయకుండా దాచుకోలేక చచ్చింది. తన పనిని ఒక పెద్ద ఇంజనీరు మెచ్చుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు. పొగడ్త పక్కవాడి ఖాతాలో పడినా సరే, ఆ రాత్రి ఆమెకి ఆనందంతో నిద్ర పట్టలేదు.

"రష్మి లేదా?" అన్నాడు ఆయన, రూమ్‌మేట్ గది వైపు చూస్తూ.

"సామాన్లకి కాస్ట్‌కోకి పోయింది అంకుల్. కూర్చోండి. నీళ్ళియ్యనా?"

"వద్దు."

డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ చార్జర్ ఒకటి ఉంది, ఒక కొస గోడ ప్లగ్గులో గుచ్చి ఉంది. రెండో కొస ఖాళీగా వేలాడుతోంది. ఆయన దాన్ని పక్కకి తోసి, ఫైలు విప్పి, ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. కాగితం నిండా కోడ్. మధ్యలో ఒక పంక్తి మీద పసుపు రంగు పూసి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. మీదకి పో.

ఆ రెండు మాటల్నీ ఎప్పుడు, ఏ కుర్చీలో కూర్చుని, ఏ కప్పులో టీ తాగుతూ టైప్ చేసిందో దేదీప్యకి గుర్తుంది.

"టీవీ చూస్తున్నావు కదా," అన్నాడు ఆయన. "మిడాకీ పో అంట. ఒక ఛానెల్ వాడు అది హ్యాకర్ల ముఠా పేరన్నాడు. ఇంకొకాయన, పెద్ద ఎక్స్‌పర్ట్‌ట, ఏదో చలిదేశపు భాషలా ఉందన్నాడు. ముప్పై గంటల నుంచి ఎఫ్‌బీఐ వాళ్ళు ఆ ముఠా కోసం దేశాలన్నీ గాలిస్తున్నారు. కంట్రోల్ రూమ్‌లో ఇరవై రెండు మందిమి ఉన్నామమ్మా. ఆ మాట చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చదివాను. నోరు మూసుకుని, కాసేపు కళ్ళు మూసుకుంటానని చెప్పి కారెక్కాను."

దేదీప్య ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పుస్తకాల్లో లేని చదువు ఒకటి ఉంది. తర్వాత తీసి పారేయాల్సిన పంక్తులకి తెలుగు పేర్లు పెడతారు. ఇంగ్లీషు గుంపులో తెలుగు మాట కొట్టొచ్చినట్టు కనపడుతుంది కాబట్టి, సబ్‌మిట్ చేసే ముందు వెతికి తీసెయ్యడం తేలిక. తెనాలి వైపు ఏ కాలేజీలోనో సూర్యప్రకాశరావు కూడా ఆ చదువు చదివినవాడే. అందుకే ఆయనకి ఆ మాట చూడగానే ముఠాలూ దేశాలూ గుర్తుకు రాలేదు, పరీక్ష ముందు రోజు ల్యాబ్ గుర్తుకొచ్చింది.

"ఈ అప్‌డేట్ అద్వైత్ పేరు మీద వెళ్ళింది," అన్నాడు ఆయన. "ముఠావాళ్ళు వాడి కంప్యూటర్‌లోకి దూరి ఇది కలిపారని ఎఫ్‌బీఐ అనుకుంటోంది. వాడి ఆఫీస్ కంప్యూటర్ తీసుకుని, నిన్న వాణ్ణి ఇంటికి పంపేశారు. నాకు వాడి సంగతి తెలుసు. నన్ను పట్టుకుని 'అంకుల్, నువ్వు తిన్నారా' అంటాడు. వాడు కోడ్‌లో తెలుగు రాశాడంటే నేను నమ్మను. ఉగాదికి వాళ్ళింట్లో నువ్వు నా చేతి మీద పులిహోర పడేస్తూ, నౌక తలుపుకీ హార్బర్ తలుపుకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో నన్నొక ప్రశ్న అడిగావు. గుర్తుందా? మా టీమ్‌లో ఎవరూ అడగని ప్రశ్న. కారులో వస్తుంటే అదే గుర్తుకొచ్చింది."

దేదీప్య కుర్చీ లాక్కుని కూర్చుంది.

అబద్ధం చెప్పొచ్చు. నాకేం తెలీదు అనొచ్చు. ఈ నౌకల సాఫ్ట్‌వేర్‌ని సిటిజన్లూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళూ తప్ప మరొకరు కంటితో చూడ్డమే ఈ దేశంలో నేరం. ఆమె ఆర్నెల్లు చూసింది, రాసింది, దిద్దింది. దొరికితే చదువు పోతుంది, వీసా పోతుంది. జైలు సంగతి లాయర్లు తేల్చాలి. ఇవన్నీ ఆమె గురువారం నుంచి పక్కమీద పడుకుని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది. లెక్క చివర మాత్రం ప్రతిసారీ ఆ నలుగురే వచ్చి నిలబడుతున్నారు.

ఆయన గొంతు తగ్గించాడు. "ఎవరి కోసం చేశావమ్మా? నిన్నెవరన్నా బెదిరించారా? ఏ దేశం వాళ్ళు?"

ఆ మాటతో దేదీప్యకి భయం పోయి ఒళ్ళు మండిపోయింది.

"నేనే రాసిన అంకుల్. ఎవరి కోసమో కాదు. మీ కోసమే."

"నా కోసమా?"

"మార్చిల మీరు అద్వైత్‌కి మెయిల్ పెట్టిన్రు. మన నౌకలకి వైరస్ ఎక్కితే ఎట్లుంటదో చూద్దాం, ఒక ఉత్తుత్తి వైరస్ తయారు చెయ్యి, సిమ్యులేటర్ల వదిలి డ్రిల్ చేద్దాం అని. ఆ మెయిల్ వాడు నాకు పంపిండు. నేను పన్నెండు రోజులు కూసొని రాసిన. దేనికన్న దగ్గరికి పోతే పక్కకి జరుగు అని నౌకలకి చెప్పి ఉంటది కదా. ఆ జరుగు తీసి మీదకి పో అని పెట్టిన. కింద నుంచి ఎవరు చెప్పినా దొంగలనుకో, వినకు అని పెట్టిన. డ్రిల్ అయినంక మీరు మీటింగ్‌ల అద్వైత్‌కి చప్పట్లు కొట్టించిన్రు. వాడు ఫోన్ ఆన్ చేసి పెట్టిండు. నేను ఇక్కడ, ఈ కుర్చీల కూసొని విన్న."

సూర్యప్రకాశరావుకి అంతా గుర్తుంది. ఆ డ్రిల్‌లో బొమ్మ నౌకలు బొమ్మ హార్బర్ మీదకి దూకుతుంటే, గది మొత్తం నవ్వుతూ చూసింది. ఇంత బాగా రాశావేమిట్రా అని ఆయనే అద్వైత్ భుజం తట్టాడు. ఇప్పుడు అదే వైరస్, ఒక్క అక్షరం మారకుండా, నిజం నౌకల్లో కూర్చుంది.

"బొమ్మల కోసం రాసింది పైకెట్లా వెళ్ళిందమ్మా?"

"మొన్న మంగళవారం నాకు ఎగ్జామ్. నౌక ముందరి లైట్‌కి చిన్న ఫిక్స్ ఉండె, వాడు ఒకటే తొందర పెట్టిండు. ఫిక్సూ, డ్రిల్‌దీ ఒకే ఫోల్డర్‌ల ఉన్నయి. మొత్తం పంపి, డ్రిల్‌ది తీసేసి ఎక్కించు అని పైననే రాసిన. వాడు తెరిచి చూల్లే. వచ్చింది వచ్చినట్టు ఎక్కించిండు."

"తెరిచి చూడలేదా?"

"ఆర్నెల్ల నుంచి ఒక్కసారి కూడా చూల్లే అంకుల్. చూస్తే అర్థం కాదేమోనని వాని భయం. అర్థం కాకుంటే నేను లేకుండ బతకలేనని తెలుస్తది కదా."

సూర్యప్రకాశరావు కాగితం మీద అరచేత్తో కొట్టాడు. ఆయన కోపిష్ఠి కాడు. ఆ చప్పుడికి ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"మీరిద్దరూ ఆడుకోడానికి అది వీడియో గేమా? వాడికి రాకపోతే రాదని చెప్పాలి. నీకు చట్టం ఒప్పుకోకపోతే ఊరుకోవాలి. అక్కడ నలుగురున్నారమ్మా. అక్కడి కమాండర్ లీసా ఇవాళ పొద్దున నాతో మాట్లాడింది. కిటికీలోంచి నౌక కనపడుతోందట. చుక్కలా ఉండేది, ఇప్పుడు లైటు కూడా తెలుస్తోందట. ఏ లైటు? నువ్వు ఫిక్స్ చేసిన లైటే. నాతో ఆ మాట చెప్తుంటే నేనేం అనాలి ఆవిడతో?"

దేదీప్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"తప్పు నాదే అంకుల్. కాదంటలేను. ఒక్కటి మాత్రం అడుగుత. ఓరియోల్‌ల ఏ అప్‌డేట్ పోవాలన్నా రెండు సంతకాలు ఉండాలె. రాసినోనిది ఒకటి, మొత్తం చదివినోనిది ఒకటి. చదివినట్టు సంతకం పెట్టింది ఎవరు?"

ఆయన ఫైలు మూశాడు. మళ్ళీ తెరిచాడు. చివరి కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. రాసినవారు అద్వైత్. చదివినవారు సూర్యప్రకాశరావు. బుధవారం, ఉదయం తొమ్మిదీ పదమూడు.

"గుడికెళ్ళాను ఆ రోజు," అన్నాడు ఆయన, ఆమె వైపు చూడకుండా. "మా ఆవిడ పుట్టినరోజు. క్యాంటీన్‌లో దోసె టోకెన్ పట్టుకుని లైన్లో నిలబడ్డాను. ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అద్వైత్ అప్‌డేట్, మీ సంతకం కావాలి అని. మనవాడే కదా, ఆర్నెల్లుగా వాడి పనిలో ఒక్క తప్పు లేదు, లైటుకి చిన్న ఫిక్సే కదా అనుకున్నాను. వేలితో నొక్కాను. నా నంబర్ పిలిచారు, వెళ్ళి దోసె తెచ్చుకున్నాను."

ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. కళ్ళు వత్తుకున్నాడు. ముప్పై గంటలుగా వైరస్ ఎవరు రాశారో కనిపెట్టాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టింది ఈయనే. రాసినవాడు దొరికితే, చదవనివాడి సంగతి ఎవరూ అడగరని లోపల ఎక్కడో ఒక ఆశ. ఆ ఆశ తనకుందని ఇప్పుడే, ఈ అమ్మాయి ముందు కూర్చుంటేనే ఆయనకి తెలిసింది. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

"నువ్వు రాశావు. వాడు చూడలేదు. నేను చదవలేదు," అన్నాడు. "మన ముగ్గురిలో పని చేసినదానివి నువ్వొక్కదానివే."

దేదీప్యకి ఏడుపు ఆగలేదు. ఆయన ఆమెని ఏడవనిచ్చాడు. కానీ ఎక్కువసేపు కాదు. టీవీ మూలన గడియారం మూడు గంటల నలభై ఒక్క నిమిషాలు చూపిస్తోంది.

"ఏడుపు తర్వాత. నాకొకటి చెప్పు. డ్రిల్ అయిపోయాక సిమ్యులేటర్‌లో దాన్ని ఎట్లా ఆపావు? నేను చూసినంతలో కోడ్‌లో ఆపే దారి కనపడలేదు. మావాళ్ళు పంతొమ్మిది రకాలుగా ప్రయత్నించారు. ఏం పంపినా దొంగ సందేశమని పారేస్తోంది."

ఆమె ముక్కు తుడుచుకుంది. "ఆపే మాట ఉంది అంకుల్. పడుకో అని. అది వింటే వైరస్ తనని తనే తీసేసుకుంటది. నౌక మళ్ళ మన మాట వింటది."

సూర్యప్రకాశరావు లేచి నిలబడ్డాడు. "మరి రెండు రోజుల్నుంచి ఎందుకు చెప్పలేదమ్మా?"

"గురువారం అద్వైత్‌కి చెప్పిన. పడుకో అని పంపించు అన్న. వాడు ఆఫీస్‌ల నుంచి పంపిండంట, పని చేయలేదన్నడు. ఎందుకు చేయలేదో నిన్న రాత్రి సమజైంది. ఎవరు బడితే వాళ్ళు ఆపకుండ ఉండాలని, ఆ మాట నా ల్యాప్‌టాప్‌ల నుంచి వస్తేనే వినాలని పెట్టిన. తాళంచెవి దాంట్లనే ఉంది. అది కూడా నా వేలిముద్ర పెడితేనే తెరుచుకుంటది. పొద్దున అద్వైత్ వచ్చిండు, తాళంచెవి సంగతి చెప్పేదాక వాడు ఆగలే. నేనే ఆఫీస్‌కి వస్త, లోపలికి తీస్కపో అన్న. వాడు వద్దన్నడు. ఆలోచిద్దాం అన్నడు."

"ఆ తాళంచెవి కాపీ ఇంకెక్కడన్నా ఉందా?"

"లేదు అంకుల్. మేం చేసేదే దొంగపని. దేనికీ ఇంకో కాపీ ఉంచొద్దని, క్లౌడ్‌ల పెట్టొద్దని, మొత్తం ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లనే ఉండాలని మొదటిరోజే అనుకున్నం."

ఆయన గదిలో నాలుగడుగులు వేశాడు. మనసులో లెక్కలు నడుస్తున్నాయి. పదిహేను నిమిషాల దూరంలో ఆఫీసు. యాంటెన్నా నుంచి నౌకకి మాట చేరడానికి క్షణం చాలు. కానీ నౌక మన యాంటెన్నాకి ఎదురుగా వచ్చేది గంటన్నరకి ఒకసారి. మూడుంబావుకి ఒక అవకాశం ఉంది. ఆ తర్వాతది నాలుగూ నలభై ఐదుకి, అదే ఆఖరు.

"హార్బర్ వాళ్ళు వదిలేసి కిందికి రావొచ్చు కదా అంకుల్? క్యాప్సూల్ ఉంటది కదా."

"ఉంది. దాని పక్కనే ఓరియోల్-5 హార్బర్‌కి అతుక్కుని, కాపలా కాస్తున్నట్టు ఉంది. హార్బర్ నుంచి ఏది విడిపడినా దాని వెంట పడుతుంది. నువ్వు రాసింది అంత బాగా పనిచేస్తోంది." ఆయన ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. ఇంజనీరుగా అన్నాడు. అదే ఆమెకి ఇంకా ఎక్కువ తగిలింది.

తర్వాత ఆయన ఆమె ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"చూడమ్మా. అబద్ధం చెప్పి తీసుకెళ్ళను. ఆ గదిలో ఆరుగురు ఎఫ్‌బీఐ వాళ్ళున్నారు. నువ్వు వేలు పెట్టి తాళం తీసిన క్షణం, అది రాసింది నువ్వేనని రికార్డవుతుంది. నేను నీ పక్కన నిలబడతాను, నా సంతకం సంగతి నేను చెప్పుకుంటాను. అయినా నిన్ను ఈ దేశంలో ఉండనివ్వరు. జైలు కూడా పడొచ్చు. నీ వేలిముద్ర అక్కర్లేకపోతే ఆ ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి నేనే రాశానని చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ దారి లేదు. నేను నిన్ను బలవంతం చెయ్యను."

దేదీప్య టీవీ వైపు చూసింది. హార్బర్ నుంచి వచ్చిన పాత వీడియో వేస్తున్నారు. కమాండర్ లీసా బ్రెన్నన్ గాల్లో తేలుతూ, ఓరియోల్ తెచ్చిన పెట్టెలోంచి ఒక నారింజపండు తీసి కెమెరాకి చూపించి నవ్వుతోంది. ఆ పెట్టె వెళ్ళిన నౌక హార్బర్‌కి అతుక్కున్న తీరు దేదీప్య దిద్దింది. జూన్‌లో. అంగుళం తేడా లేకుండా అతుక్కుంది. ఆ రోజు ఆమె రష్మికి కారణం చెప్పకుండా స్వీట్లు పంచింది.

ఓరియోల్ ఆఫీసు లోపల ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. ఒకసారి అద్వైత్‌ని దింపడానికి వెళ్ళి, పార్కింగ్‌లో కారు ఆపి, అద్దాల వెనక కనపడే నీలం తెరల్ని పావుగంట చూస్తూ కూర్చుంది. లోపలికి వెళ్ళాలని అంతగా ఇంకెక్కడా అనిపించలేదు ఆమెకి. ఇవాళ వెళ్ళబోతోంది.

"వాళ్ళకి ఇంగ్లీష్‌ల ఎట్ల చెప్పాలె అంకుల్, ఇదంతా?"

"ఉన్నది ఉన్నట్టు చెప్దాం. మాట తడబడితే నేనందుకుంటాను."

"రెండు నిమిషాలియ్యండి. ముఖం కడుక్కొని వస్త."

సూర్యప్రకాశరావు ఆమె లేచిన తీరు చూశాడు. పాతికేళ్ళు నిండని పిల్ల. అమెరికాలో తన వయసు వాళ్ళు బాత్రూమ్‌కని చెప్పి పారిపోయే వేళ, ముఖం కడుక్కుని బయల్దేరుతోంది. ఆయన గుమ్మం దగ్గరికి వెళ్ళి బూట్లు తొడుక్కున్నాడు. ఆఫీసుకి ఫోన్ చేసి, మూడుంబావుకి యాంటెన్నా సిద్ధంగా ఉంచమన్నాడు. ఎందుకని అవతలివాళ్ళు అడిగితే, వచ్చాక చెప్తానన్నాడు.

దేదీప్య జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చింది. పాస్‌పోర్టు తీసి బ్యాగ్‌లో వేసుకుంది. ఎలాగూ అడుగుతారు కదా అనుకుంది.

"ల్యాప్‌టాప్ తీసుకున్నావా?" అన్నాడు ఆయన.

"అద్వైత్ దగ్గర ఉంది అంకుల్, దారిల తీస్కుందాం. పొద్దున పదింటికి వచ్చి తీస్కపోయిండు. మధ్యాహ్నంకల్లా ఇచ్చేస్త అన్నడు. ప్రతి శనివారం వారం ఫైళ్ళు కాపీ చేసుకోనీకి తీస్కపోతడు, గట్లనే అనుకున్న." చెప్తూ చెప్తూ ఆమె టేబుల్ మీద ఖాళీగా వేలాడుతున్న చార్జర్‌ని చూసింది. నిన్నే వాణ్ణి ఆఫీసు నుంచి పంపేశారు, కంప్యూటరూ తీసేసుకున్నారు. కాపీ చేసుకోవడానికి ఫైళ్ళెక్కడివి?

పొద్దున వాడు వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, ఎన్నడూ లేనిది ఆమె చెయ్యి పట్టుకుని వదిలాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రలేక అనుకుంది.

ఆమె ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. నాలుగు రింగులు. ఐదు. సూర్యప్రకాశరావు గడియారం చూసుకున్నాడు. రెండూ ముప్పై ఐదు.

"హే, దీపూ." అద్వైత్ గొంతు వెనక ఏదో పెద్ద యంత్రం ఘోషిస్తోంది.

"అద్వైత్, ల్యాప్‌టాప్ పట్టుకొని సీదా మీ ఆఫీస్‌కి రా. ఇప్పుడే. నేనూ వస్తున్న. లోపలికి పోదాం, అన్నీ చెప్పేద్దాం."

"నో, నో. లిజన్. నువ్వు ఎక్కడికీ వెళ్ళద్దు. నేను హ్యాండిల్ చేశాను."

"ఏం హ్యాండిల్ చేసినవ్?"

"నువ్వు పొద్దున వస్తా అన్నావు కదా, ఆఫీస్‌కి. నాకు భయం వేసింది. నిన్ను డిపోర్ట్ చేస్తారు, దీపూ. జైల్‌లో పెడతారు. నేను సిటిజన్, నాకు ఏదో పనిష్‌మెంట్ ఇస్తారు, దట్స్ ఇట్. కోడ్ నేను రాశాను అని చెప్తా. నీ పేరు ఎక్కడా ఉండకూడదు. సో నేను లైబ్రరీ దగ్గరికి వచ్చా. టుడే ష్రెడింగ్ డే."

ఏడాదికి రెండు శనివారాలు లైబ్రరీ పార్కింగ్‌లో ఒక పెద్ద ట్రక్కు వచ్చి ఆగుతుంది. ఊళ్ళో జనం పాత కంప్యూటర్లూ, ప్రింటర్లూ, కట్టలకొద్దీ కాగితాలూ కార్లలో వేసుకుని వచ్చి వరసలో నిలబడతారు. వాటిని బెల్ట్ మీద పెడితే, ట్రక్కులోని యంత్రం ఎదురుగానే నమిలి గోరంత ముక్కలు చేసేస్తుంది. రహస్యాలు మిగలకుండా పోవాలనుకునేవాళ్ళకి ఊరు చేసే ఉచిత సేవ.

సూర్యప్రకాశరావు దేదీప్య చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"అద్వైత్, నేను. లైన్లో ఎన్నో కారు నీది?"

"సూర్య అంకుల్? మీరు అక్కడ ఎందుకు..."

"ఎన్నో కారురా?"

"ఫోర్ అవర్స్ వెయిట్ చేశాను అంకుల్. అయిపోయింది. ఇప్పుడే వాళ్ళకి ఇచ్చా. బెల్ట్ మీద పెట్టారు. ముందు ఎవరిదో ప్రింటర్ ఉంది, నెక్స్ట్ మనదే. ఐ యామ్ వాచింగ్."

"ఆపించు. వెంటనే ఆపించు. ఆ నౌకల తాళం దాంట్లోనే ఉంది."

"వాట్? అంకుల్, వినపడట్లేదు, మెషీన్ సౌండ్..."

"అద్వైత్, ఆపు." దేదీప్య ఫోన్ మీదకి వంగి, గొంతు చించుకుని అరిచింది. "దాన్ని ఆపు."

ఆకాశంలో ఎక్కడో తిరుగుతున్న నౌకని నిలబెట్టే మాట ఆమె దగ్గర ఉంది. రెండు మైళ్ళ దూరంలో ఉన్న అద్వైత్‌కి మాత్రం ఆమె గొంతు అందడం లేదు. ఫోన్‌లో ఘోష ఒక్కసారి పెరిగింది. ఏదో గట్టి వస్తువు పళ్ళ మధ్య పడి పటపటా విరుగుతున్న చప్పుడు మొదలైంది.

విరుగుతున్నది ప్రింటరో, ల్యాప్‌టాపో, అక్కణ్ణించి వాళ్ళకి తెలియలేదు.